ఎదురు సాలు

నా చేతికి దండకడియం తొడిగిన రోజున ఆదోని ఆఫీసు నిండా మేస్త్రీలే. వాళ్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొగుడికి బదులు సంతకం పెట్టడానికి వచ్చానని అందరూ అనుకున్నారు. గిడ్డయ్య మామ ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

"ఏం కోడలా, ఈరన్న రాలేదా? నిన్ను తోలినాడా?"

"ఎవురూ తోలలేదు మామా. అర్జీ నాదే."

"నీదా!" అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "ఇంగేముంది, మనం పోయి రొట్టెలు కాల్చుకుందాం పదండి."

గిడ్డయ్య మాకు సొంత మామ కాదు, ఊరి వరస. మా కోసిగి పక్క నుంచి గుంటూరు మిరప కోతలకు మనుషుల్ని లారీలకెత్తే మేస్త్రీలలో పేరు మోసినవాడు. ఆ పేరు మంచిదని మాత్రం నేను చెప్పలేదు. అంతకుముందు ఎండాకాలం ఆయన ముఠాలో ఒక మనిషి చేలోనే కుప్పకూలి ప్రాణం వదిలాడు. అలాంటివి ఇంకో నాలుగు చోట్ల జరిగాక ప్రభుత్వం కొత్త నియమం తెచ్చింది. ఆమోదం లేని మేస్త్రి కూలీలను తీసుకుపోకూడదు. ఆమోదం కావాలంటే కోతల కాలమంతా దండకడియం వేసుకోవాలి. దానికి కాగితాల మీద వేరే పేరేదో ఉంది కానీ, దండ మీద వేసుకునేదాన్ని మేము ఇంకేమని పిలుస్తాం?

దాన్ని తయారుచేసినామె డాక్టర్ అరుంధతి. సన్నగా, చామనఛాయగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినదానిలా ఉంటుంది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. మా అందరికీ కడియాలు తొడిగి తాళం వేసి, ఫ్యాన్ల కింద కూర్చోబెట్టింది. తన చెవి వెనక గోరంత పట్టీ ఒకటి అంటించుకుంది. బయటికెళ్లి, ఎర్రటి ఎండలో, ఇసుక మూట భుజాన వేసుకుని ఆవరణలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరగడం మొదలుపెట్టింది. మేము కిటికీలోంచి చూస్తున్నాం.

మొదట నా భుజం లాగింది. తర్వాత నడుము పట్టేసింది. ఆ తర్వాత గొంతు ఎండిపోయింది. పక్కనున్న మేస్త్రి లేచి కుండలో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు. ఇంకొకడు తాగాడు. కడుపు నిండిందే కానీ దాహం తీరలేదు. తీరడానికి అది వాళ్ల దాహం కాదు కదా.

"ఇప్పండ్రా దీన్ని! నా తల పగిలిపోతాంది!" అని గిడ్డయ్య మామ కడియాన్ని పీకుతున్నాడు. అది రాలేదు.

అరుంధతి మేడం మూట దించి, వేపచెట్టు నీడకు వెళ్లి, చెంబెడు నీళ్లు తాగింది. ఆమె తాగుతుంటే గదిలో మా అందరి గొంతులూ తడిశాయి.  

తాళాలు తీయగానే సగం మంది లేచిపోయారు. గిడ్డయ్య మామ గుమ్మం దగ్గర ఆగి, "కూలోళ్ల నొప్పి కూలోళ్లకే ఉండాల. మేస్త్రికొస్తే వాడింక మేస్త్రి ఎట్లయితాడు?" అని ఒక మాట పారేసి వెళ్లాడు.

మేడం ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "మీరు కదల్లేదేం? మీకేమీ తెలియలేదా?"

"తెలిసింది మేడం. అది నాకు పాత సుట్టమే."

ఆమె నవ్వింది. అప్పుడు చెప్పింది. ముఠాలో ప్రతి మనిషీ చెవి వెనక ఒక పట్టీ పెట్టుకోవాలి. అందరిలోకీ ఎక్కువ కష్టంలో ఉన్న ఒక్కరి బాధ నా కడియంలోకి వస్తుంది. ఎవరిదో మాత్రం చెప్పదు.

"పేరు సెప్పకపోతే నేనెట్ల కనుక్కునేది?"

"చెబితే మరుసటేడు ఆ మనిషిని మీరు లారీ ఎక్కించరు. పట్టీకి మనిషి తెలియకూడదు, పేరు తెలియకూడదు. మీరే చేలోకి నడిచి, చూసి, అడిగి తెలుసుకోవాలి. అందుకే దీన్ని ఇలా చేశాను."

ఒక కోతల కాలం పరీక్ష. చివర్లో అధికారులు చేలోకి వచ్చి చూస్తారు. బాగుంటే ఆమోదం. నాకు ఆమోదం వస్తే మా వీధి వీధంతా నా లారీలో వస్తుంది. రాకపోతే ఆమోదం ఉన్న మరెవరి లారీయో ఎక్కాలి. ఆ మరెవరు గిడ్డయ్య లాంటివాళ్లే అయి ఉంటారని మాకు తెలుసు.

*

మా అత్తమ్మ సుంకులమ్మకు ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. నాకు మిరపకాయ తుంచడం నేర్పింది ఆమే. తొడిమ విరగకుండా, కొమ్మ చిరగకుండా, రెండు చేతులతో ఎలా కోయాలో చెంపదెబ్బలు కొట్టి మరీ నేర్పింది. ఒకప్పుడు ఆమె సాలు పట్టిందంటే వెనకాల గాలి కూడా అందుకోలేదని చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు వయసు మీదపడింది. అయినా ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు.

మా ఇంటి ముందర ముఠా అంతా కూర్చుని ఉండగా పట్టీలు పంచాను. అందరూ అంటించుకున్నారు. అత్తమ్మ తన పట్టీని అరచేతిలో పెట్టుకుని, అదేదో పురుగైనట్టు చూసింది.

"నా నొప్పి నా ఒంట్లో ఉంటాది. నీకెందుకియ్యాల?"

"ఇస్తే ఏం పోతాది అత్తా? నువ్వు అలిసిపోతే నాకు తెలుస్తాది. నీడకు పొమ్మంటా."

"కోడలికి ముద్ద పెట్టాల, సీర పెట్టాల. నొప్పులు పెడతారా ఎవురైనా?"

ఆడవాళ్లంతా నవ్వారు. కొత్తగా పెళ్లయి వచ్చిన బజారమ్మ మరీ గట్టిగా నవ్వింది. ఆ పిల్లకు మిరప ఘాటు పడక నిరుడు చేతులు బొబ్బలెక్కాయి. అందుకని ఈసారి డేరాల దగ్గర వంటకు పెట్టుకున్నాం.

చివరికి నేను ఎదురు సాలు సంగతి ఎత్తాను. మా ముఠాల్లో ఒక పద్ధతుంది. చేలో ఒక్కొక్కరం ఒక్కొక్క సాలు పట్టుకుని కోసుకుంటూ పోతాం. ఎవరైనా వెనకబడితే, ముందుగా ముగించినవాళ్లు ఊరికే గట్టు మీద కూర్చోరు. వెనకబడినవాళ్ల సాలుకు అవతలి కొస నుంచి కోసుకుంటూ ఎదురొస్తారు. ఇద్దరూ మధ్యలో కలుస్తారు. ఎందుకొచ్చావని ఈమె అడగదు, వచ్చానని ఆమె చెప్పదు. కలిసిన చోట గంపలు ఎత్తుకుని మరో సాలుకు పోతారు. అంతే.

"ఇది కూడా అట్లాంటిదే అత్తా. నేను ఎదురొస్తాండా అనుకో."

అత్తమ్మ తన పట్టీని నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత చెవి వెనక జుట్టు పైకెత్తి, "పెట్టు" అంది.

*

గుంటూరు పక్కన వీరరాఘవయ్య అనే రైతు చేలో దిగాం. టార్పాలిన్ డేరాలు, మూడు రాళ్ల పొయ్యిలు, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నపిండి. చేలో ఎర్రగా కాయ, మీద ఎండ.

మొదటి వారానికే నాకు మా ముఠా అంతా ఒంటితో తెలిసిపోయింది. మోకాలు కలుక్కుమంటే అది నాగేశమ్మ. కళ్లు మండి నుదురు పిండేస్తుంటే అది వరసకు చెల్లెలయ్యే మద్దమ్మ, తలగుడ్డ సరిగా కట్టుకోదు. పొత్తికడుపులో నొప్పి వస్తే ఎవరినీ పేరుపెట్టి పిలవకుండా, "అందరూ రండమ్మా, కాసేపు కూర్సుందాం" అనేదాన్ని. వాళ్లలో ఒకామె నా వైపు చూసి తలదించుకునేది.

ఒకసారి మాత్రం నా పరువు పోయింది. ఎడమ దవడ పన్ను ఒకటే సలుపు. ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించాను. అందరి పళ్లూ భేషుగ్గా ఉన్నాయి. మగవాళ్లను అడిగితే మాకేం లేదన్నారు. అన్నం నమలలేక ఏడుపొచ్చింది. తీరా చూస్తే బస్తాలు మోసే మా ఆయన ఈరన్న ఒక పక్కనే నమలడం కనిపించింది. పన్ను పీకుతారని భయపడి నోరు మూసుకున్నాడు మహానుభావుడు! జబ్బ పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. పన్ను ఆయనది ఊడింది, కేక నేను పెట్టాను. ఆ డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డేరాల దగ్గర ఆ కథ చెప్పుకుని నవ్వని రోజు లేదు.

రైతుకు మాత్రం నవ్వు రాలేదు. "ఏవమ్మా మేస్త్రమ్మా, మీవాళ్లు కాయలు కోయడానికొచ్చారా, చెట్టు నీడకి కాపలా కాయడానికొచ్చారా?" అని గట్టు మీద నిలబడి అడిగేవాడు.

"నా గొంతు ఎండిపోతే నేను ఊరుకోలేనండీ. కావాలంటే కడియం మీరేసుకోండి" అన్నాను.

ఆయన గొడుగు విప్పుకుని కళ్లం వైపు వెళ్లిపోయాడు.

అలా నవ్వుతూ నడిచిపోయేదే. కానీ ఎండలు ముదిరాయి. ఒకనాడు మధ్యాహ్నం రొట్టె తినడానికి కూర్చున్నాను. వంగి రొట్టె అందుకోబోతే నడుములో ఎవరో గునపం దించినట్టయింది. రొట్టె చేతిలోంచి జారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా అత్తమ్మ కూర్చుని ఉంది. రొట్టె తినడం ఆపి నన్నే చూస్తోంది.

"అది నా నడుమేనా?" అని అడిగింది.

"ఏమో అత్తా. పేరు సెప్పదు కదా అది."

ఆమె నెమ్మదిగా తన నడుం మీద చెయ్యి వేసుకుని కొంచెం పక్కకు వాలింది. నాకు నొప్పి తగ్గింది. మళ్లీ నిటారుగా కూర్చుంది. నాకు మళ్లీ వచ్చింది. ఇక ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

నా జీవితంలో అత్తమ్మ నన్ను తిట్టింది, కొట్టింది, నెత్తిన పెట్టుకుంది. కానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. నా ఒంటికి తను ఏదో అన్యాయం చేసినట్టు చూసింది.

*

అధికారులు రావాల్సిన రోజు పొద్దున్నే లేచేసరికి ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. ముఠా చేలో దిగింది. నేను సాళ్ల మధ్య తిరుగుతున్నాను. నడుములో ఏమీ లేదు. మోకాలు లేదు, నుదురు లేదు. కళ్లలో కొంచెం పొగ తగిలినట్టు చురుక్కుమంటోంది, అంతే. పరీక్ష రోజున దేవుడు నా మీద దయ తలిచాడనుకున్నాను.

జీపులో అరుంధతి మేడం, ఆమోదాలిచ్చే మండలి నుంచి ఒక పెద్ద అధికారి దిగారు. ఆయన నా కడియం మీది దీపం చూశాడు. ఎవరికీ కష్టం లేదన్నట్టు పచ్చగా వెలుగుతోంది. పట్టీలన్నీ పనిచేస్తున్నాయని చేతిలో పలకలాంటి తెర మీద చూసుకుని తల ఆడించాడు.

"ఈ ఎండలో కూడా ఎవరికీ ఇబ్బంది లేదా? బాగా చూసుకుంటున్నారమ్మా" అన్నాడు.

నాకు గర్వం వచ్చింది. ఎందుకు దాచాలి, చాలా గర్వం వచ్చింది. రోజూ నీడకు పిలిచే వేళయింది. నేను చేయి చూసుకున్నాను. చల్లగా ఉంది. అటు రైతు చూస్తున్నాడు, ఇటు అధికారి చూస్తున్నాడు.

"ఎవురూ అలిసిపోలేదు. ఈ మడి ముగించి పోదాం!" అని కేకేశాను.

ఎవరూ తల ఎత్తలేదు. మామూలుగా అయితే ఏదో ఒక ఎకసెక్కం వినబడేది. ఆ రోజు అందరూ వంచిన తల ఎత్తకుండా కోస్తున్నారు. పుట్టినప్పటి నుంచీ మిరపచేలో పెరిగినదాన్ని, కూలి మనిషి నడక చూసి ఎంత దప్పికలో ఉందో చెప్పగలిగినదాన్ని, ఆ రోజు ఒక్కరి ముఖం కూడా చూడలేదు. చేతిని చూసుకున్నాను.

చేను అవతలి కొస నుంచి నాగేశమ్మ అరిచింది.

నేను పరుగెత్తేసరికి అత్తమ్మ సాలులో పక్కకు ఒరిగి పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఒక్క చెమట చుక్క లేదు. కళ్లు తెరిచి ఏవేవో అంటోంది, నన్ను ఎవరో అనుకుంటోంది. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె ఒళ్లు నిప్పులా ఉంటే నా చెయ్యి చల్లగా ఉంది. అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు. మనిషి నా ఒళ్లో పోతోంది, నా ఒంటికి తెలియడం లేదు.

"నీళ్లు! సీరలు తడిపి తెండి!" అని అరిచాను. అధికారి జీపు తేవడానికి గట్టు మీద పరుగెత్తాడు. అరుంధతి మేడం మోకాళ్ల మీద కూర్చుని అత్తమ్మ చెవి వెనక జుట్టు తొలగించింది. అక్కడ తెల్లటి మచ్చ ఉంది. పట్టీ లేదు. పక్కనున్న నాగేశమ్మ చెవి వెనక చూసింది. అక్కడా లేదు.

డేరాల వైపు నుంచి బజారమ్మ ఏడుస్తూ వచ్చింది. వచ్చి మా ముందు నిలబడి తలగుడ్డ లాగేసింది. రెండు చెవుల వెనకా, మెడ మీదా, జుట్టు మొదట్లోనూ పట్టీలే. ముఠా మొత్తం పట్టీలు.

"అవ్వ పెట్టమనిందక్కా. పరీచ్చ దినం నీకు ఏ నొప్పీ రాగూడదని. నేనైతే నీడలో కూసోనుంటా కదా అని."

కళ్లలో చురుక్కుమన్న ఆ పొగ దాని పొయ్యి పొగ.

నా సాలుకు వాళ్లు ఎదురొచ్చారు. అడగకుండా, చెప్పకుండా, మా పద్ధతి ప్రకారమే వచ్చారు.

*

అత్తమ్మ బతికింది. ఆస్పత్రిలో మంచుగడ్డల మధ్య పడుకోబెట్టి బతికించారు. కానీ ఎండ తలకెక్కి నరాలు దెబ్బతిన్నాయన్నారు. చేతులు వణుకుతున్నాయి. చెంబు పట్టుకుంటే సగం నీళ్లు ఒలికిపోతాయి. ఆ చేతులు ఇక కాయ తుంచలేవు.

వరండాలో అరుంధతి మేడం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పట్టీలన్నీ ఒక కాగితంలో పొట్లం కట్టి చేతిలో పట్టుకుంది.

"మేస్త్రీలు మోసం చేస్తారని కడియానికి తాళం పెట్టాను. పట్టీలకు పెట్టాలని నాకు తోచలేదు. కూలీలు తమ బాధ తామే దాచుకుంటారని ఎలా తోస్తుంది?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పట్టీలు తీసినవాళ్లకు పనుల్లోకి రాకుండా నిషేధం ఉంటుంది. మీ ముఠా అంతటికీ. ఆ అధికారి చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే. నేను చెప్పను."

"మరి ఏమని రాస్తారు?"

"యంత్రం పనిచేయలేదని."

"రాస్తే?"

"కడియాలన్నీ వెనక్కి తీసుకుంటారు. అన్ని జిల్లాల్లోనూ. మీ తప్పేమీ లేదు కాబట్టి మీకు ఆమోదం ఇస్తారు."

ఆమె ఎన్నేళ్లు పెట్టి చేసిందో నాకు తెలియదు. అడగలేదు. ఆమె మాత్రం ఆ పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

లోపలికి వెళ్తే అత్తమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. అప్పటికే ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

"మిసన్ సెడిపోయిందని సెప్పు ఉలిగీ" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "మిసన్‌కు నొప్పా, సావా? నువ్వు మేస్త్రివైతే సాలు."

నేను ఆమె వణికే చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నా చేతికి కడియం లేదు, ఆమె చెవి వెనక పట్టీ లేదు. అయినా ఆ వణుకు నా భుజం దాకా తెలుస్తోంది. నాకు ఆమోదం కావాలి. ఎంత కావాలో చెప్పలేను. మా వీధి ఆడవాళ్లను గిడ్డయ్య లారీ ఎక్కనివ్వకూడదనే కదా ఇంత దూరం వచ్చాను. ఒక్క అబద్ధం చెబితే చాలు. కానీ కడియాలన్నీ పోయాక, వచ్చే ఎండల్లో, మరో చేలో మరో అత్తమ్మ పడిపోతే ఏ మేస్త్రి గొంతూ ఎండదు. గట్టు మీద బీడీ కాల్చుకుంటూ "లేపండ్రా దాన్ని" అంటాడు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

ఆదోని ఆఫీసులో విచారణ జరిగింది. బల్ల వెనక మండలి వాళ్లు, ఓ పక్క అరుంధతి మేడం. పెద్ద అధికారి సూటిగా అడిగాడు.

"ఉలిగమ్మా, ఆ రోజు మీ కడియం పనిచేసిందా, లేదా?"

"పనిచేసిందండీ."

మేడం తల ఎత్తింది.

"మరి మీ అత్తగారు పడిపోతే మీకెందుకు తెలియలేదు?"

"పట్టీలు ఆమెకు ల్యావు. ముఠాలో ఎవురికీ ల్యావు. నాకు నొప్పి రాగూడదని తీసి వంటపిల్లకు పెట్టినారు. కడియం ఆ వంటపిల్ల ఎట్లుంటే అట్లనే సెప్పింది. పొయ్యి పొగతో సహా సెప్పింది." నేను బల్ల దగ్గరికి జరిగాను.  "వాళ్లను ఏమీ అనాకండి. నాయం ప్రకారం ముఠాకు మేస్త్రిని నేను. రోజూ నీడకు పిలిసేదాన్ని, ఆ దినం పిలవలేదు. తప్పు నా మీద రాసుకోండి."

వాళ్లు లోపల మాట్లాడుకుని వచ్చారు. ముఠా మీద నిషేధం పెట్టలేదు. నాకు ఆమోదం ఇవ్వలేదు. రెండు కోతల కాలాలు గడిచాక మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చన్నారు. కడియాలు ఉంటాయన్నారు.

పట్టీలు వేరేవాళ్లకు అంటిస్తే పనిచేయకుండా వాటికీ తాళం పెట్టమని అధికారి మేడంకు చెప్పాడు. "పెట్టను. పట్టీకి మనిషిని గుర్తుపట్టడం నేర్పితే, రేపు అది నీరసంగా ఉన్న మనిషిని కూడా గుర్తుపట్టి చెబుతుంది. అప్పుడు సుంకులమ్మ లాంటివాళ్లను ఎవరూ లారీ ఎక్కించరు" అని ఆమె అక్కడే ఖండించింది. మెట్లు దిగుతుంటే నా వెనకాల వచ్చి నా చేయి పట్టుకుంది. కడియం ఉండే చోట ఒకసారి నొక్కి వదిలేసి వెళ్లిపోయింది.

ఆ రోజే అదే బల్ల దగ్గర ఇంకో మేస్త్రికి ఆమోదం వచ్చింది. ఎవరికనుకున్నారు? గిడ్డయ్య మామకు!

కడియాలు తొడిగిన మొదటి రోజు అంత రంకెలు వేసి వెళ్లినవాడు, ఆమోదం లేకుండా లారీ కదలదని తెలిసి వారం తిరక్కుండా వచ్చి కడియం తొడిగించుకున్నాడట. ఆ కోతల కాలమంతా మనిషి నరకం చూశాడట. సగానికి సగం చిక్కిపోయాడు. ఆయన ముఠాలో ఒక్కరు కూడా పట్టీ కదపలేదు. ఎందుకు కదుపుతారు? ఎన్నేళ్లుగానో పంటి కింద అదిమిపెట్టుకున్నదంతా ఇప్పుడు ఆయనకు చేరుతుంటే, వాళ్లకు పండగలా ఉండి ఉంటుంది. అధికారులు వెళ్లి చూస్తే ఆయన నీళ్ల కుండ నెత్తిన పెట్టుకుని సాళ్లలో పరుగులు పెడుతున్నాడట. అంత బాగా కూలీలను చూసుకునే మేస్త్రిని ఎక్కడా చూడలేదని రాసుకున్నారు. ఆ కాగితం మీద ఉన్నది అబద్ధం కూడా కాదు.

నన్ను ప్రేమించినవాళ్లు దాచుకున్నారు. ఆయన్ను ప్రేమించేవాళ్లు లేరు కాబట్టి ఆయన ముఠా క్షేమంగా ఇల్లు చేరింది. ఇది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

*

మరుసటి కోతలకు మా వీధి ఆడవాళ్లంతా గిడ్డయ్య మామ లారీ ఎక్కాం. అత్తమ్మ గడప మీద కూర్చుని సాగనంపింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో పట్టుకుని ఉంది, వణుకు మాకు కనబడకూడదని. దగ్గరికి వెళ్లి వంగాను.

"ఉలిగీ, గిడ్డయ్యకు మాత్రం ఏమీ దాయొద్దు" అంది. "ఉండేదంతా ఇచ్చేయ్."

నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. వణికే చేతిని ఎత్తి నా చెవి వెనక పట్టీని తడిమి, గట్టిగా అంటుకుందో లేదో చూసింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేను మళ్లీ సాలులో ఉన్నాను. బజారమ్మ కూడా చేతులకు గుడ్డలు చుట్టుకుని కోతలోకి వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నా గొంతు పిడచకట్టుకుపోతోంది. సాలు ఇంకా కొంచెమే ఉంది. ఆ కొంచెం ముగించి పోదామనిపిస్తోంది. అది మా రక్తంలో ఉన్న జబ్బు. ముగించి పోదాం, ముగించి పోదాం అనుకుంటూనే అత్తమ్మ పడిపోయింది.

తల ఎత్తి చూస్తే అవతలి కొస నుంచి బజారమ్మ నా సాలుకు ఎదురొస్తోంది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. నన్ను చూడనట్టే కోస్తోంది.

గంప అక్కడే వదిలేసి నిలబడ్డాను. "బజారీ, సాలు యాడికీ పోదు. రా, నీడకు పోదాం."

"కొంచెమే ఉంది కదక్కా."

"రమ్మంటాంటే!"

వచ్చింది. ఇద్దరం తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. మమ్మల్ని చూసి నాగేశమ్మ, మద్దమ్మ కూడా లేచి వచ్చారు. అంతలోనే గట్టు మీద నుంచి గిడ్డయ్య మామ కుండ ఎత్తుకుని రొప్పుతూ వచ్చాడు. దండ మీద కడియం ఎండకు మెరుస్తోంది. గొంతు పట్టుకుని ఉన్నాడు.

"ఎవురిదమ్మా ఈ దప్పిక? పానం పోతాంది నాకు!"

"నాదే మామా."

"నీదేనా! మేస్త్రమ్మవు, నువ్వన్నా కొంచెం ఓర్సుకోగూడదా తల్లీ?"

"ఓర్సుకుంటే ఏమయితాదో సూసినా మామా."

 సుంకులమ్మ సంగతి ఆయనకూ తెలుసు. చెంబు ముంచి నా చేతికిచ్చాడు. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి కళ్లు మూసుకున్నాడు. నా ఒక్కో గుక్కకూ ఆయన గొంతు కదులుతోంది.

సగం తాగి, మిగతాది బజారమ్మకు ఇవ్వబోయాను. ఏమీ దాయొద్దన్న అత్తమ్మ మాట గుర్తొచ్చింది. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగి, బజారమ్మకు ఇంకో చెంబు ముంచమన్నాను.